క్యోటోను కాపాడిన మా మనవరాలు

ఆ గురువారం సాయంత్రం మా మనవరాలు బడి నుంచి వస్తూనే బ్యాగు సోఫాలో పడేసి, "తాతా, ఇవాళ నేను క్యోటోను కాపాడాను తెలుసా" అంది. మెడలో అట్టముక్క ఇంకా వేలాడుతూనే ఉంది. దాని మీద యుద్ధ మంత్రి హెన్రీ స్టిమ్సన్ అని రాసుంది. 1945 వేసవిలో అమెరికా యుద్ధ మంత్రిగా ఉన్న ఆ స్టిమ్సన్‌కు 77 ఏళ్లు. దీనికి మొన్ననే 14 నిండాయి.

నేను కాన్సాస్ సిటీలో కూతురింటికి ఆరు నెలల మకాం వచ్చినవాణ్ణి. అనంతపురం జిల్లాలో 32 ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇక్కడ పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం మనవరాలి హోంవర్క్. అంతకుమించి పనేం లేదు. అందుకే క్యోటో అనగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాను.

బడివాళ్లు పిల్లల్ని ఇండిపెండెన్స్ ఊళ్లో ఉన్న ట్రూమన్ లైబ్రరీకి తీసుకెళ్లారు. 1945లో అమెరికా ప్రెసిడెంటుగా ఉన్న హ్యారీ ట్రూమన్ కాగితాలు దాచిన చోటు అది. మాకు అరగంట దారి. అక్కడ పిల్లల కోసం వైట్‌హౌస్ డెసిషన్ సెంటర్ అని ఒకటుంది, వైట్‌హౌస్ ఆఫీసు గదుల తీరున కట్టింది. పిల్లలు కొందరు ప్రెసిడెంటు, కొందరు మంత్రులు, సలహాదారులు అవుతారు. తలా ఒక ఫైలు ఇస్తారు. ఫైల్లో ఉండేవి ఎవరో కూర్చి రాసిన పాఠాలు కావు. ఒకప్పుడు రహస్యమని ముద్ర కొట్టి, తర్వాత బయటికి వదిలిన కాగితాల నకళ్లు. అవి చదువుకోవాలి, వాదించుకోవాలి, ప్రెసిడెంటుకు సలహా చెప్పాలి, ఆఖర్న విలేకరుల ముందు నిలబడి జవాబులివ్వాలి. జపాన్‌తో యుద్ధం ముగించడం, బెర్లిన్ దిగ్బంధం, కొరియా, సైన్యంలో నల్లజాతి సైనికులను వేరుగా ఉంచే పద్ధతి ఎత్తెయ్యడం, ఇలాంటి వాటిల్లో ఒకటి ఎంచుకుంటారు. వీళ్ల తరగతికి జపాన్ వచ్చింది. అందులోనే మా పిల్ల జపాన్ పాత రాజధాని క్యోటోను అణుబాంబు లక్ష్యాల జాబితాలోంచి తీయించింది.

"మరి అణుబాంబు సంగతి?" అనడిగాను.

"వెయ్యమనే చెప్పాం. వేరే దారి లేదు తాతా" అంది, ఫ్రిజ్ తలుపు తీస్తూ.

పెరుగు డబ్బా కోసం వెతుక్కుంటూ అన్న ఆ మాట నన్ను రెండు రాత్రులు నిద్ర పోనివ్వలేదు. జెట్‌లాగ్ అంటుంది మా అమ్మాయి. నేనొచ్చి మూడు వారాలైంది.

ముందు అసూయ గురించి

నిజం ఒప్పుకోవాలి. మొదట నాకు కలిగింది అసూయ. రాత్రి లాప్‌టాప్‌లో ఆ లైబ్రరీ టీచర్ల కోసం పెట్టినవన్నీ చూస్తూ కూర్చున్నాను. టీచర్లే రాసిన పాఠ్య ప్రణాళికలు, ఒక్కో అంశానికి విడిగా కట్టిన కాగితాల కట్టలు, ఉత్తరాలు, ఫొటోలు. వేసవిలో టీచర్లకు సదస్సు కూడా పెడతారు. ఒక్కో ప్రెసిడెంటు పేరున ఉన్న ఈ లైబ్రరీలను నడిపే నేషనల్ ఆర్కైవ్స్‌వాళ్లు పిల్లలతో ఒక పాత కాగితం ఎలా చదివించాలో ఒక్క పేజీలో కుదించి పెట్టారు. ముందు కాగితాన్ని పరిచయం చేసుకో, తర్వాత దాన్ని గమనించు, తర్వాత అర్థం చేసుకో, అప్పుడు దాన్ని సాక్ష్యంగా వాడు. ఇంతే. ఇది నాకు 1986లో ఎవరైనా చెప్పి ఉంటే!

నా సర్వీసులో నాకున్న సామగ్రి ఒక గ్లోబు, రెండు మ్యాపులు, ఒక సుద్దముక్కల డబ్బా. గ్లోబు ధ్రువం దగ్గర ఊడిపోయి ఉండేది. అయినా ఒకసారి ఒక ప్రయోగం చేశాను. ఇంట్లో మా నాయన ట్రంకు పెట్టెలో దొరికిన శిస్తు రసీదు ఒకటి తొమ్మిదో తరగతికి పట్టుకెళ్లాను. దాని మీద "ఫసలి 1362" అని ఉంది. బెంచీల మీద అటూ ఇటూ తిరిగి వెనక బెంచీకి చేరాక ఒకడు లేచి, "సార్, 1362లో మీ నాయన ఉన్న్యాడా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. ఫసలి అంటే శిస్తు లెక్కల ఏడాది, దానికి 590 కలపాలిరా, 1952 వస్తుంది అని బోర్డు మీద కూడి చూపించాను. నవ్వులు ఆగాక ముందు బెంచీ అమ్మాయి ఒకతె నెమ్మదిగా అడిగింది: "1952లో మన దిక్కు కరువు, గంజి కేంద్రాలు పెట్టినారని మీరే చెప్పినారు గదా సార్. మరి శిస్తు ఎట్ల కట్టినారు?"

నా దగ్గర జవాబు లేదు. ఇంటికెళ్లి మా నాయన్ను అడిగాను. బావి కింద మడి కొంచెం పండింది, కట్టకపోతే ఊరుకుంటారా అన్నాడు. కరువు పాఠం 20 సార్లు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. అరచేతి వెడల్పు కాగితం తట్టించింది. కాబట్టి పిల్లల చేతికి అసలు కాగితం ఇవ్వాలా అక్కర్లేదా అన్న దానిలో నాకు రెండో మాట లేదు. ఇవ్వాలి. నా పేచీ కాగితంతో కాదు. ఆ కాగితం చదివేటప్పుడు పిల్లను ఎక్కడ కూర్చోబెడుతున్నారన్న దానితో.

దుర్యోధనుడి పది రోజులు

మన బళ్లల్లో వార్షికోత్సవం అంటే ఏకపాత్రాభినయం ఉండాల్సిందే. అందులో దుర్యోధనుడు ఉండాల్సిందే. ఒక ఏడాది మా బళ్లో పదో తరగతి కుర్రాడొకడు అట్ట కిరీటం, వెండికాగితం గద పెట్టుకుని మయసభలో పడ్డ అవమానం చెప్పి అదరగొట్టాడు. సరే, బాగుంది. ఆ తర్వాత పది రోజులు వాడు దుర్యోధనుడి వకీలై కూర్చున్నాడు. "పిలిస్తే వచ్చి ఆడింది వాళ్లే కదా సార్. ఓడిపోయింది వాళ్లే కదా సార్." వాడి మాటల్లో తర్కం ఉంది. వాదించలేక తెలుగు పండితుడి దగ్గరికి పంపించాను. ఆయనా గెలవలేదని తర్వాత తెలిసింది.

వేషం వేసినవాడికి వేషం వైపు మనసు లాగుతుంది. అది తప్పు కాదు, వేషం ఉన్నదే అందుకు. భారతంలో అయితే ఈ రోజు దుర్యోధనుడు, రేపు కర్ణుడు, ఎల్లుండి ఇంకొకడు. పాత్ర మారితే చూపు మారుతుంది. (మా బళ్లో 32 ఏళ్లలో ద్రౌపది ఏకపాత్ర ఒక్కసారి కూడా వెయ్యలేదన్న సంగతి ఇది రాస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చింది. వేయించాల్సినవాణ్ణి నేనే.)

ప్రెసిడెంటు లైబ్రరీలో కుర్చీలన్నీ బల్లకు ఒకే పక్కన ఉంటాయి. యుద్ధ మంత్రి ఒక మాట అంటాడు, విదేశాంగ మంత్రి ఇంకో మాట అంటాడు. అయినా ఎవరు మాట్లాడినా ప్రెసిడెంటు తరఫునే, ఆయన కష్టం తీర్చడానికే. వినడానికి వాదోపవాదంలా ఉంటుంది. ఆ గది దాటి బయటికి ఎవరూ పోరు.

పెన్సిలు రాత

శుక్రవారం సాయంత్రం మనవరాలూ నేనూ లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అది నాకొక కాగితం చూపించింది. 1945 జులై 31న జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉన్న ట్రూమన్, స్టిమ్సన్ పంపిన తంతి వెనకవైపు పెన్సిలుతో రాసిన జవాబు. సూచనలకు ఆమోదం, సిద్ధమైనప్పుడు విడుదల చెయ్యండి, కానీ ఆగస్టు 2 కంటే ముందు వద్దు. కింద పొడి అక్షరాలు.

"ఇదే తాతా బాంబు ఆర్డరు" అంది.

అలా అనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ స్టిమ్సన్ తంతి చదివితే ఆయన అడిగింది బాంబు గురించి కాదు, బాంబు పడ్డాక ప్రెసిడెంటు పేరుతో పత్రికలకు ఇవ్వాల్సిన ప్రకటన గురించి. విడుదల చెయ్యమన్నది ఆ ప్రకటనను. బాంబు వెయ్యమన్న ఉత్తర్వు అంతకు ఆరు రోజుల ముందే, జులై 25న, జనరల్ హ్యాండీ సంతకంతో విమానదళాల అధిపతి జనరల్ స్పాట్జ్‌కు వెళ్లిపోయింది. ఆగస్టు 3 తర్వాత వాతావరణం అనుకూలించిన రోజున మొదటిది వెయ్యండి, తక్కినవి తయారైన కొద్దీ వెయ్యండి అని. దాని మీద ట్రూమన్ సంతకం లేదు. బాంబు తయారీ అంతా నడిపించిన జనరల్ గ్రోవ్స్ తర్వాత రాసుకున్నాడు, ట్రూమన్ చేసిన నిర్ణయమల్లా అప్పటికే ఉన్న ఏర్పాటుకు అడ్డు పడకపోవడమేనని.

ఇది విని మనవరాలు కాసేపు మాట్లాడలేదు. "మరి మేము డిసైడ్ చేసింది ఏంటి?" అంది.

నాకు కావాల్సిన ప్రశ్న అదే. నేను చెప్పి రప్పించింది కాదు, రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుంటే వచ్చింది. గదిలో బల్ల వేసి, కుర్చీలు వేసి, "ఇప్పుడు మీరు నిర్ణయించండి" అంటే, ఆ రోజుల్లో కూడా అలా ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక మధ్యాహ్నం నిర్ణయించారనే పిల్ల అనుకుంటుంది. ఒక పెద్ద బండి కొండ మీద నుంచి దిగుతూ ఉంటే బ్రేకు వెయ్యనివాణ్ణి బండి తోలినవాడు అనొచ్చా అన్నది వేరే చర్చ. అనొచ్చనే నాకనిపిస్తుంది. ట్రూమన్ కూడా ఆ బరువు ఇంకొకరి మీదికి తొయ్యలేదు. కానీ ఆ చర్చ ఆ గదిలో పుట్టదు. అక్కడ తోలడం, తోలకపోవడం, రెండే ఉంటాయి.

ఫైల్లో అంకెలు కూడా అలాగే. జూన్ 18 సమావేశంలో సైన్యాధిపతి జనరల్ మార్షల్, జపాన్ దక్షిణ దీవి మీద దిగితే మొదటి 30 రోజుల్లో నష్టం ఫిలిప్పీన్స్ దీవి లుజాన్ మీద జరిగిన పోరును మించకపోవచ్చని చెప్పాడు. లుజాన్‌లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు, కనపడకుండా పోయినవాళ్లు కలిసి 31 వేలు. యుద్ధమయ్యాక చెప్పుకున్న లెక్కల్లో ఒక్క చనిపోయేవాళ్లే లక్షల్లోకి వెళ్లారు. ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందన్నదే నన్నడిగితే పాఠం.

మా అమ్మాయి వాదన

అన్నం తింటుంటే మా అమ్మాయి మీద పడింది. "నాన్నా, అన్ని వైపులూ ఒకేసారి పెడితే దానికి ఏదీ తలకెక్కదు. ముందు ఒక కుర్చీలో కూర్చోనీ. ఆ మాత్రం దిగితే కదా రేపు ఇంకొకటి చదవాలనిపించేది. నీ క్లాసులో ఎంతమంది పిల్లలు జపాన్ గురించి ఇంటికొచ్చి మాట్లాడారు?"

దెబ్బ సరిగ్గా తగిలింది. నా క్లాసులో హిరోషిమా అంటే నాలుగు మార్కుల ప్రశ్న. తేదీ, ఊరు, బాంబు పేరు. ఆగస్టు 6, ఆగస్టు 9. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది, నాగసాకిలో దాదాపు 70,000 మంది చచ్చిపోయారని చెప్పి, పేజీ తిప్పి ఐక్యరాజ్య సమితిలోకి వెళ్లిపోయేవాణ్ణి. ఎవడూ ఫ్రిజ్ దగ్గర నిలబడి దాని గురించి మాట్లాడలేదు. మా ఇళ్లల్లో ఫ్రిజ్‌లు లేవు, అది వేరే సంగతి.

ఇంకొక మాట కూడా ఒప్పుకోవాలి. ఈ లైబ్రరీలు తమ ప్రెసిడెంటు భజన చేస్తాయని తేలిగ్గా అనేయొచ్చు. కట్టడానికి డబ్బు ఇచ్చేది ఆయన అభిమానులే కాబట్టి అనుమానం సహజం. నిక్సన్ లైబ్రరీలో ఆయన పదవి పోగొట్టిన వాటర్‌గేట్ కథ నిక్సన్ మనుషులు చెప్పినట్టే ఏళ్ల తరబడి నడిచింది. నేషనల్ ఆర్కైవ్స్ చేతికొచ్చాక 2011లో గాని కొత్త ప్రదర్శన పెట్టలేకపోయారు. ట్రూమన్ దగ్గర మాత్రం దాచిపెట్టినట్టు నాకు కనపడలేదు. 1911లో, 27 ఏళ్ల వయసులో, కాబోయే భార్యకు రాసిన ఉత్తరంలో నల్లవాళ్లనూ చైనావాళ్లనూ తక్కువ చేసి రాసిన మాటలు అలాగే ఉన్నాయి. 2003లో లైబ్రరీ అరలోనే ఆయన 1947 డైరీ ఒకటి దొరికితే, అందులో యూదుల గురించి ఉన్న చెడ్డ మాటలతో సహా వాళ్లే బయటపెట్టారు.

ఆ 1911 ఉత్తరం పక్కన 1948 ఆగస్టు 18 నాటి ఉత్తరం పెట్టి చూడండి. అప్పటికి మూడు వారాల కింద, జులై 26న, సైన్యంలో అందరికీ సమాన అవకాశం అన్న 9981 నంబరు ఉత్తర్వు మీద ట్రూమన్ సంతకం పెట్టాడు. కాన్సాస్ సిటీ పాత స్నేహితుడొకడు ఇదంతా నీకెందుకు, దక్షిణాది సంగతి దక్షిణాదికి వదిలెయ్ అని రాశాడు. దానికి జవాబుగా ట్రూమన్, యుద్ధం నుంచి ఇంటికి పోతున్న నల్లజాతి సార్జెంటును పోలీసు అధికారి కళ్లు పోయేట్టు కొట్టిన సంగతి చెప్పి, దీని వల్ల నేను ఎన్నికలో ఓడిపోతే ఆ ఓటమి మంచి పనికోసమే అని రాశాడు. ఈ రెండు ఉత్తరాలూ ఒక్క పీరియడ్‌లో చేతికిస్తే ఏ పిల్లకైనా మనిషంటే ఏమిటో తెలుస్తుంది. ఆ రెండూ ఒక్క చోటే దొరుకుతున్నాయి. దానికి దండం పెట్టాల్సిందే.

ఉప్మా పళ్లెం నుంచి

అయినా నా పేచీ పోలేదు. ఎందుకు పోలేదో శనివారం నడకలో తెలిసింది. అమెరికా ప్రెసిడెంటు బల్లకు అవతలి పక్క నేనొకసారి కూర్చున్నాను.

నేను ఒకటో తరగతిలో చేరింది 1966లో. బళ్లో మధ్యాహ్నం పచ్చటి ఉప్మా పెట్టేవాళ్లు. కేర్ అనే అమెరికా సేవా సంస్థ ఇచ్చేది కాబట్టి కేర్ ఉప్మా అనేవాళ్లం. నూనె డబ్బాల మీద రెండు చేతులు కలిపిన బొమ్మ, కింద ఇంగ్లీషులో "అమెరికా ప్రజలు ఇచ్చినది, అమ్మరాదు, మార్చుకోరాదు" అన్న ముక్కలు. చదవడం వచ్చాక మేం మొదట కూడబలుక్కున్న ఇంగ్లీషు వాక్యాల్లో అదొకటి. ఖాళీ డబ్బా ఎవరి ఇంటికి పోయిందన్నది ఊళ్లో పెద్ద రాజకీయం. మా ఇంట్లో ఒకటి కందిపప్పు డబ్బాగా 20 ఏళ్లు బతికింది.

అవే రోజుల్లో ఆస్టిన్ లైబ్రరీలో ఇప్పుడు కాగితాలున్న అప్పటి ప్రెసిడెంటు లిండన్ జాన్సన్, మన దేశానికి గోధుమలు ఏడాది లెక్కన కాకుండా కొద్ది కొద్దిగా, తన అనుమతి మీదే వదిలేట్టు పట్టు బిగించాడు. వ్యవసాయం మీద మనం సరిగా ఖర్చుపెట్టట్లేదని ఒక కారణం. వియత్నాం మీద బాంబులేస్తున్నందుకు ఢిల్లీ తప్పు పట్టిందన్న కోపం ఇంకొకటి. 1966లో అమెరికా గోధుమ పంటలో దాదాపు ఐదో వంతు మనకే వచ్చింది, అయినా ఓడ ఓడకూ గుండె దడే. (బడి పిల్లలకు ఊరికే ఇచ్చేది వేరు, దేశానికి అమ్మే గోధుమ వేరు. సోషల్ మాస్టార్ని కదా, ఈ తేడా చెప్పకపోతే తోచదు.)

ఇప్పుడు ఒక తరగతి పిల్లల్ని జాన్సన్ కుర్చీలో కూర్చోబెట్టి, ఈ నెల ఓడలు వదులుదామా, ఆపుదామా అని అడిగితే వాళ్లు మంచి పిల్లలే కాబట్టి చాలా ఆలోచించే చెప్తారు. ఆపుదాం అనేవాడి వాదన కూడా బలంగానే ఉంటుంది. ఆ పట్టు వల్లే ఇక్కడ వ్యవసాయం మీద శ్రద్ధ పెరిగిందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆ ఫైల్లో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ల కాగితం ఒక్కటీ ఉండదు. ఉండకపోవడం కుట్ర కాదు. వాళ్ల కాగితం ఆ బల్ల దాకా పోలేదు, అంతే.

అందుకే నేను అడిగేది ఒక్కటే. ఇలాంటి పాఠం కట్టే టీచరు, లైబ్రరీ ఇచ్చిన ఫైళ్లకు తోడు ఇంకొక ఫైలు పెట్టాలి. దాని మీద ఏ మంత్రి పేరూ ఉండకూడదు. బల్ల దాకా రాని కాగితాల ఫైలు. 1945 పాఠానికైతే అలాంటిది తేలిగ్గా దొరుకుతుంది. జులై 17న సిలార్డ్ అనే శాస్త్రవేత్త, బాంబు పనిలో ఉన్న షికాగో ప్రయోగశాలవాళ్లు కలిసి 70 మంది ప్రెసిడెంటుకు ఒక విజ్ఞప్తి రాశారు. ఏ షరతులకు లొంగాలో బాహాటంగా చెప్పకుండా, వాళ్లకు లొంగే అవకాశం ఇవ్వకుండా వెయ్యొద్దని. అది ట్రూమన్ కంటపడలేదు, దారిలోనే ఆగిపోయింది. ఆగస్టు 10న కేబినెట్‌లో ట్రూమన్ ఇక చాలన్నాడనీ, "ఆ పిల్లలందర్నీ" చంపడం తనకు ఇష్టం లేదన్నాడనీ ఇంకొక మంత్రి వాలస్ ఆ రోజే డైరీలో రాసుకున్నాడు. బాంబు పడ్డప్పుడు రెండేళ్ల వయసులో హిరోషిమాలో ఉండి, 12 ఏళ్లకు 1955లో చనిపోయిన సడాకో మడిచిన కాగితపు కొంగ ఒకటి 2015లో ఆమె కుటుంబం ఇచ్చింది. అది ఇదే ట్రూమన్ లైబ్రరీలో ఉంది. అంటే సామాను అక్కడే ఉంది. ఆ గదిలో బల్ల మీదికి రావాలి, అంతే.

ఆ ఫైలు తీసుకున్న పిల్లకు మాట్లాడే వంతు ఉండదు. సమావేశమంతా పక్కన కూర్చుని వినాలి. విలేకరుల సమావేశంలో మాత్రం మొదటి ప్రశ్న తనది. ఆట చెడుతుందంటారా? కొంచెం చెడుతుంది. దుర్యోధనుడు పద్యం అందుకుంటుండగా ఎదురుగా ద్రౌపది కూర్చుని చూస్తే ఎలా ఉంటుందో అలా.

ఆదివారం

బళ్లో వాళ్లకొక పని ఇచ్చారు. నువ్వు వేసిన పాత్ర ఇచ్చిన సలహాను సమర్థిస్తూ ఒక పేజీ. మనవరాలు క్యోటో గురించే రాసింది. అది పాత రాజధాని, గుళ్లు, జపాన్ మనసులాంటి ఊరు, దాన్ని పాడు చేస్తే వాళ్లు మనల్ని ఎప్పటికీ క్షమించరు, అందుకే స్టిమ్సన్‌గా నేను లక్ష్యాల జాబితాలోంచి కొట్టేయించాను, అని. బాగా రాసింది. నేను చదివి, "క్యోటో తీసేశాక ఆ చోట్లోకి ఏ ఊరు వచ్చింది?" అని మాత్రం అడిగి, నడకకు వెళ్లిపోయాను.

వచ్చేసరికి పేజీ అడుగున చిన్న అక్షరాలతో నాలుగు వాక్యాలు కలిపింది. క్యోటో పోయాక జులై 25 నాటి జాబితాలో నాగసాకి చేరిందనీ, ఆగస్టు 9న అసలు వెళ్లింది కొకురా మీదికైతే అక్కడ మబ్బూ పొగా కమ్మి కనపడక నాగసాకికి తిరిగారనీ రాసింది. ఆఖరి వాక్యం ఇది: "నేను కాపాడిన ఊరి పేరు నాకు ఇచ్చిన ఫైల్లో ఉంది, దాని బదులు చేరిన ఊరి పేరు లేదు."

"మేడమ్ ఇది సమర్థన కాదంటారేమో తాతా" అంది.

"అనొచ్చు" అన్నాను.

కొకురాకు స్పెల్లింగు తప్పు రాసింది. అదొక్కటి దిద్ది ఇచ్చాను.